పౌడరు చుక్క

మెలాతి క్యాంపులో తెల్లవారితే ముందు అప్పజెప్పడం, ఆ తర్వాతే అన్నం. తొలి నమాజు అయ్యాక పిల్లలంతా వసారాలో చాపమీద వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి ముందుకొచ్చి, తాము ఏరుకుని బట్టీపట్టిన పది ఇంగ్లీషు పలుకుబళ్లు మిస్ వెనింగ్‌కి అప్పజెప్పాలి. తప్పుకొక పౌడరు చుక్క. ఆవిడ మోకాలి పక్కన చంటిపిల్లల పౌడరు డబ్బా ఒకటి మూత తీసి ఉంటుంది. చూపుడువేలు అందులో ముంచి, తప్పు చేసినవాళ్ల మొహంమీద ఒత్తుతుంది. ఆ మొహంతోనే పల్లీల పచ్చడి పోసిన పెచెల్ అన్నం పొట్లం విప్పుకుని తినాలి, ఆ మొహంతోనే సైకిలెక్కి మధ్యాహ్నందాకా జావా దీవిలోని ఈ పారే ఊరి వీధుల్లో తిరగాలి. వీధిలో ఎవరూ నవ్వరు. ఈ ఊళ్లో సందుకో ఇంగ్లీషు క్యాంపు ఉంది, సగం మొహాలు అలాగే ఉంటాయి.

వెనింగ్‌కి ఇరవైనాలుగేళ్లు. ఇక్కడ చదువుకుని, ఇక్కడే టీచరై మూడేళ్లు. మనిషి నెమ్మదే గాని చెయ్యి కరుకని పిల్లల్లో పేరు. లుక్ అనే ఒక్క మాటకి ఎన్ని తోకలుంటే అన్ని అర్థాలు. లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఆఫ్టర్ అంటే సాకడం, లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. ఈ తోకలే మావాళ్ల ప్రాణాలు తోడేస్తాయి. తోక మారిందా, వెనింగ్ వేలు డబ్బాలోకి వెళ్లిందన్నమాటే. ఏడ్చినా బతిమాలినా ఒక్క చుక్క తగ్గించదు. అలా తగ్గించనందుకే ఆవిడ క్లాసు ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

పదో తారీఖు సోమవారం కొత్త బ్యాచి వచ్చింది. చీకటి విడుతూండగా గేటు దగ్గర సైకిళ్లు గలగలమన్నాయి. వెనింగ్ వసారాలోంచి తలెత్తి చూసింది. పిల్లల మధ్యన నల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన అద్దె సైకిల్ని జామచెట్టుకి ఆనించి, జేబులోంచి రుమాలు తీసి, దిగిన సీటుని తుడుస్తున్నాడు. అలా సీటు తుడిచే మనిషి ఆవిడకి లోకంలో ఒక్కరే తెలుసు. పచితాన్ తీరంలో వాళ్ల ఊరి బడికి రోజూ సైకిలుమీదే వచ్చేవారు, వెనక క్యారేజికి రేడియో కట్టుకుని. గియార్తో మాస్టారు. ఊరంతా ఆయన్ని పక్ గురు, అంటే అయ్యవారు, అనేది. ఆయన ఆ రేడియో తిప్పి వినిపించకపోతే వెనింగ్‌కి ఇంగ్లీషన్న భాష ఉందనే తెలిసేది కాదు.

పరుగున వెళ్లి, వంగి, ఆయన చెయ్యందుకుని నుదుటికి ఆనించుకుంది. మా దగ్గర గురువుకి పెట్టే దణ్ణం అది. ఆయన కూడా కాస్త వంగారు. అప్పటికే ఆయన గేటు దగ్గరి ఎర్రగీత దాటి లోపలున్నారు. ఆ గీత దాటితే ఇంగ్లీషు తప్ప మరో మాట మాట్లాడకూడదని గోడమీద రాసుంది.

"గుడ్ మార్నింగ్, మిస్," అన్నారు పక్ గురు.

జావా మాటల్లో పెద్దవాళ్లతో మాట్లాడే తీరే వేరు. వాళ్లు తింటే ఒక మాట, మనం తింటే ఒక మాట. రావడం, పోవడం, నిద్రపోవడం కూడా అంతే. ఇంగ్లీషులో మీరూ లేదు, తమరూ లేదు, అందరికీ కలిపి ఒకే ఒక్క 'యూ'. పక్ గురుని పట్టుకుని ఆ మాట అనాలంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చివరికి యూ జోలికి పోకుండానే, గుడ్ మార్నింగ్ సర్ అని ఊరుకుంది.

ఆయన వంతు వచ్చింది. చాపమీద ఆవిడకి ఎదురుగా మోకాళ్లమీద కూర్చుని, వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టారు. గొంతు అదే, బడి చివరి బెంచీదాకా వినిపించే గొంతు. మొదటి ఆరూ నిక్షేపంగా ఉన్నాయి. ఏడోది, ఐ ఎంటర్ విండ్ అన్నారు. జలుబుచేసి ఒళ్లు విరుచుకుపోతూంటే మావాళ్లు గాలి దూరిందంటారు. దాన్నే మాటకి మాట ఇంగ్లీషులోకి దింపారు. అది విన్న తెల్లవాడు కిటికీ మూస్తాడే గాని మాత్ర ఇవ్వడు. ఈ మాట వెనింగ్ ఆయన దగ్గరే నేర్చుకుంది. పారే వచ్చిన మొదటి వారంలోనే ఈ మాటకే ఆవిడ బుగ్గమీద పౌడరు పడింది.

వేలు డబ్బా అంచుదాకా వెళ్లి ఆగింది. ఎదురుగా ఆ మొహం. అరవై ఒకటో ఏట, నెరిసిన కనుబొమలతో, జవాబుకోసం ఆశగా చూస్తున్న మొహం. దానిమీద తన వేలు ఎలా పెడుతుంది? వెనక పదిహేడుమంది పిల్లలు చూస్తున్నారు కూడా.

"కరెక్టేనా, మిస్?"

"కరెక్ట్, సర్," అంది వెనింగ్, రిజిస్టరులో టిక్కు పెట్టి.

ఆయన గుండెలనిండా గాలి పీల్చుకుని, అట్ట వేసిన పాత నోటుపుస్తకం ఒకటి తీసి అందులో ఏదో గుర్తు పెట్టుకున్నారు. ఒక్కటే కదా, పెద్దాయన మొదటిరోజు, రేపట్నుంచి చూద్దాం అనుకుంది వెనింగ్. ఇలాంటివన్నీ మనం రేపట్నుంచే చూస్తాం.

మంగళవారం మూడొచ్చాయి. ఊరెళ్లొచ్చినవాళ్లు పట్టుకొచ్చే కానుకని మావాళ్లు చేతిపండు అంటారు, ఆయన హ్యాండ్ ఫ్రూట్ అన్నారు. ఊరి తప్పంతా మోసేవాణ్ణి నల్లమేక అంటారు, అది బ్లాక్ గోట్ అయింది. ఫర్లేదు అనడానికి నో వాట్-వాట్ అన్నారు. మూడింటికీ మూడు టిక్కులు. ప్రతిసారీ కరెక్టేనా మిస్ అని ఆయన అడగడం, కరెక్ట్ సర్ అని ఈవిడ అనడం, ఆయన సంతోషంగా నోటుపుస్తకం తీయడం. ఆ సంతోషం చూస్తే వెనింగ్‌కీ బాగానే ఉండేది. అబద్ధమాడినా ఒక పెద్దమనిషికి పొద్దున్నే మంచి జరిగిందనిపించేది. మధ్యాహ్నం ఆయన గేటు బయట టీకొట్టు దగ్గర పిల్లలమధ్య కూర్చుని, వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు అందరికీ పంచుతూ కబుర్లు చెప్తూంటే, ఈ వయసులో ఈయనకి పరీక్షలెందుకు, సరదాగా గడిపి వెళ్లనీ అనిపించేది.

బుధవారం లైలా తగులుకుంది. బంజర్మాసిన్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్ల, మాటలో పదునెక్కువ. చేతివాటం ఉన్నవాణ్ణి మా భాషలో పొడుగుచేతులవాడంటారు. లైలా నిద్రమత్తులో లాంగ్ హ్యాండ్ అనేసింది. అలవాటుగా వెనింగ్ వేలు డబ్బాలోకి వెళ్లి ఆ పిల్ల బుగ్గమీద పడింది. అప్పటికి పది నిమిషాలైనా కాలేదు, పక్ గురు సరిగ్గా ఇలాంటిదే చెప్పి టిక్కు పెట్టించుకుని.

లైలా లేవలేదు. బుగ్గ తడుముకుని, మెల్లిగా, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"మిస్, ఈ పౌడరు కూడా వయసు చూసే అంటుకుంటుందా?"

పిల్లలంతా వెనింగ్‌కేసి చూశారు. పక్ గురు మటుకు తల వంచుకుని నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. విన్నారో లేదో తెలియలేదు. వెనింగ్ చెవులు వేడెక్కాయి. కోపం తెచ్చుకుందామని చూసింది గాని రాలేదు. ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఏముంది? తర్వాతివాళ్లని రమ్మని చెయ్యూపింది.

ఆరోజు క్యాంపు యజమాని మిస్టర్ పూర్వాంతో దగ్గరికి వెళ్లింది. ఆయన పొద్దున్నపూట పావురాల పంజరాలు కిందికి దించి గింజలు పోస్తూ ఉంటాడు, ఏ మాటైనా అప్పుడే చెప్పుకోవాలి. పక్ గురుని వేరే టీచరు దగ్గరికి మార్చమని అడిగింది. కారణం చెప్పమంటే, తన మాస్టారండీ అని ఊరుకుంది.

"తెలుసు," అన్నాడు ఆయన, గింజల్లో పొట్టు ఊదుతూ. "నీ పేరు రాసిచ్చి మరీ చేరాడాయన. వేరే టీచరైతే వెళ్లిపోతానన్నాడు. మూడు నెలలకి కట్టాడు."

శనివారం తను వచ్చి కూర్చుని అప్పజెప్పడం వింటానని కూడా చెప్పాడు పూర్వాంతో. ప్రతి బ్యాచికీ మొదటి శనివారం వినడం ఆయనకి అలవాటే.

"ఆయన తడబడితే నాకేం కాదు. నువ్వు తడబడితేనే చూసుకోవాలి," అని పంజరం పైకి లాగి కట్టాడు.

గురువారం మావాళ్ల పద్ధతిలో ఒక ఉపాయం పన్నింది వెనింగ్. ఎవరి పేరూ ఎత్తకుండా, మనందరం చేసే తప్పులు అని బోర్డుమీద రాసి, అందరికీ కలిపి చెప్పేస్తే సరి. ఎవరికి తగలాల్సింది వాళ్లకి తగులుతుంది, మొహం వాడదు. సుద్దముక్క తీసుకుంది, గీత కొట్టింది. మొదటి వరసలో పక్ గురు కళ్లజోడు సర్దుకుని, కలం మూత తీసి, చంటిపిల్లాడిలా ఎదురుచూస్తున్నారు. ఎంటర్ విండ్ అని రాయడానికి ఎత్తిన చెయ్యి ఇంకేదో రాసింది. ఆ గంటంతా ఎవరూ చెయ్యని తప్పులు రాసి, చెరిపింది. పక్ గురు అన్నీ గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకున్నారు.

శుక్రవారం సాయంత్రం క్లాసుకి ఆయన రాలేదు. ఎదురింట్లో ఉండే లైలాయే చెప్పింది, పెద్దాయనకి ఒళ్లు బాగాలేదని. చెప్పి, ఒక క్షణం ఆగి, మీరు వెళ్తే సంతోషిస్తారు మిస్ అంది. ఆ పిల్ల మనసులో ఏ చేదూ లేదు.

వెనింగ్ టీకొట్లో అల్లం కషాయం ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, మూతి ముడేసి, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని బయల్దేరింది. ఎండ పచ్చబడుతోంది, ఊరి చివర మొక్కజొన్న కంకులు గాలికి ఊగుతున్నాయి. ఆయన అద్దెకున్న ఇంటి ముందరి బల్లమీద కూర్చుంది. లోపల ఇంటావిడ ఆయన వీపుకి నూనె రాసి నాణెంతో గీస్తోంది. గాలి దూరితే మా దగ్గర మందు అదే. గీసినప్పుడల్లా ఆయన మూలగడం, ఇంతోటి దానికేనా అని ఆవిడ దెప్పడం వినిపిస్తున్నాయి. కాసేపటికి చొక్కా మెడదాకా బిగించుకుని, నీలగిరి తైలం వాసనతో బయటికొచ్చారు. మెడమీద ఒక ఎర్రచార కనిపిస్తూనే ఉంది.

"కూర్చో తల్లీ, లేవకు. గాలి దూరింది, అంతే. ఇక్కడ ఎర్రగీత లేదుగా, హాయిగా మనమాట మాట్లాడుకోవచ్చు."

కషాయం గ్లాసులో పోసుకుని తాగి, కళ్లు తుడుచుకుని, తనంతట తనే లోపలికెళ్లి ఆ అట్ట వేసిన నోటుపుస్తకం తెచ్చారు. ఆవిడ ఒళ్లో పెట్టారు. ప్రతి పేజీలోనూ నల్లసిరాతో పలుకుబళ్లు, నంబర్లు వేసి. మొదటి ఐదు పేజీల్లో మటుకు ఒక్కోదాని పక్కన ఎర్రసిరాతో టిక్కు. పేజీకి పదేసి. ఎంటర్ విండ్ పక్కన ఒకటి. హ్యాండ్ ఫ్రూట్ పక్కన ఒకటి.

"ముప్పైనాలుగేళ్లు బళ్లో చెప్పినవన్నీ ఇవి. ఎనిమిదొందల పన్నెండు. రోజుకి పది చొప్పున పట్టుకొస్తున్నా. నువ్వు అవునన్నదానికి ఎర్ర టిక్కు. మన ఊళ్లో ఇప్పుడు అలలమీద ఆడుకునే తెల్లపిల్లలు వచ్చి దిగుతున్నారుగా, పద్నాలుగు ఇళ్లవాళ్లు గదులు అద్దెకిస్తున్నారు. ఆ ఇళ్లకోసం ఊరిపెద్ద ఇది అచ్చువేయిస్తానన్నాడు."

వెనింగ్ పేజీ అంచు వేలితో పట్టుకుని ఉండిపోయింది.

కిందటేడు ఒక ఆస్ట్రేలియా కుర్రాడితో గాలి దూరిందని చెప్తే, వాడు మర్యాదగా లేచి కిటికీ మూసి కూర్చున్నాడట. ఆ రాత్రినుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదట. ఒకటి తప్పయితే ఎన్ని తప్పులో? ఎంతమంది పిల్లలకి చెప్పానో? లెక్కేస్తే రెండువేలమంది దాటారట.

"ఇక్కడికొచ్చేటప్పుడు భయపడుతూ వచ్చా తల్లీ. నువ్వు మొదటిరోజే అది కరెక్టన్నావు. అప్పుడు ప్రాణం లేచొచ్చింది. వాడికే చదువు తక్కువై ఉంటుంది." నవ్వి, దగ్గి, గ్లాసు పక్కన పెట్టారు. "యాభైకి యాభై. నేనంత చెడ్డ మాస్టర్ని కాదన్నమాట."

ఇన్నాళ్లూ ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. తను పెట్టిన ఒక్కో టిక్కూ ఆ పుస్తకంలోకెక్కి, అచ్చులోకెక్కి, పద్నాలుగు ఇళ్ల గోడలకి వేలాడబోతోంది. కిటికీలు మూయించబోతోంది. వెనింగ్‌కి ఏడుపొచ్చింది గాని ఆపుకుని, ఇంతమంది టీచర్లుండగా తన క్లాసే ఎందుకు కావాలన్నారని అడిగింది.

ఆయన ఆశ్చర్యపోయారు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"నువ్వు ఎనిమిదిలో ఉండగా, నేను బోర్డుమీద బిగినింగ్ అని రాశా. స్పెల్లింగు తప్పు. నలభైమందిలో నువ్వొక్కదానివే లేచి, అది తప్పండీ పక్ గురూ అన్నావు. కాళ్లు వణుకుతున్నాయి నీకు, నాకు కనిపిస్తూనే ఉంది. ముప్పైనాలుగేళ్లలో నన్ను తప్పన్నది నువ్వొక్కదానివే. మిగతా ఊరంతా తలూపేవాళ్లే. తలూపేవాళ్ల దగ్గరికొచ్చి నేనేం నేర్చుకుంటా?"

అప్పుడు గుర్తొచ్చింది వెనింగ్‌కి. ఆయన మాట్లాడకుండా సుద్దముక్క తన చేతికిచ్చి, తను వెళ్లి పిల్లల్లో బెంచీమీద కూర్చున్నారు. ఆ సుద్దముక్క చాలాకాలం లెక్కలపెట్టెలో దాచుకుంది. లేచి తప్పండీ అన్న ఆ పిల్ల తనలోంచి ఎప్పుడు, ఎక్కడ తప్పిపోయిందో తెలియలేదు.

నోటుపుస్తకం మూసి రెండు చేతులతో ఆయనకిచ్చింది.

"పక్ గురూ, రేపు తమరు కొత్తవి అప్పజెప్పొద్దండి. ఈ యాభై మళ్లీ మొదట్నుంచి చెప్పండి."

"అవి అయిపోయాయిగా?"

"నేను సరిగ్గా వినలేదండి."

పక్ గురు ఆవిడ మొహంకేసి చూశారు. బళ్లో వాళ్ల లెక్కల పుస్తకాలు చూసేటప్పటి చూపు అది, జవాబు చూడకుండా మధ్యలో చేసిన పని చూసే చూపు. ఖాళీ కషాయం సంచిని మడిచి, మడిచి, చిన్న చతురస్రం చేశారు.

"సరే, మిస్," అన్నారు. అక్కడ ఎర్రగీత లేకపోయినా.

శనివారం పొద్దున వసారా చివర కుర్చీ వేసుకుని పూర్వాంతో కూర్చున్నాడు. పక్ గురు అందరికన్నా ముందు వచ్చి చాపమీద కూర్చున్నారు. కళ్లు లోతుకు పోయినా గొంతు మటుకు నిలబడే ఉంది. ఒకటోది చెప్పారు, రెండోది చెప్పారు. ఏడోది, ఐ ఎంటర్ విండ్ అని, ఆగారు. అడగలేదు. ఈసారి కరెక్టేనా అనలేదు.

"యూ ఆర్ రాంగ్, సర్," అంది వెనింగ్.

అనేశాక, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పక్ గురు నల్లటోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని, మొహం ముందుకు వంచారు, గేటు దగ్గర ఆవిడ ఆయన చేతిమీదికి వంగినట్టే. వెనింగ్ వేలు ముంచి ఆయన ఎడమబుగ్గమీద ఒత్తింది. ముడతల్లో వేలికి కాస్త వెచ్చగా తగిలింది. ఇంగ్లీషువాళ్లు గాలి దూరిందనరు, జలుబుని పట్టుకుంటారని చెప్పి, క్యాచ్ ఎ కోల్డ్ అని రెండుసార్లు పలికించింది. ఆయన కళ్లు తెరిచి ఎర్ర టిక్కు కొట్టేసి, పక్కన రాసుకున్నారు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా పడ్డాయి.

తర్వాత ఇంక ఆగలేదు. యాభై అయ్యేసరికి పంతొమ్మిది చుక్కలు పడ్డాయి. బుగ్గలు నిండి, నుదురు నిండి, చివరి రెండూ ముక్కుమీద పెట్టాల్సొచ్చింది. పిల్లలు ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. లైలా తన ఫోను తీసి, అద్దంలా తిప్పి, ఆయన ముందు పట్టుకుంది. పక్ గురు అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నారు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. పెద్దగా నవ్వారు. అంతే, వసారా అంతా గొల్లుమంది.

"ముప్పైఒకటి కరెక్టు," అన్నారు నవ్వాగాక, లెక్క చూసుకుని. "ఇవి నిజంగా కరెక్టేనా మిస్?"

"నిజంగానే, సర్."

"అయితే అది చాలా ఎక్కువే."

వెనింగ్ పౌడరు డబ్బా తీసి లైలా చేతిలో పెట్టింది. పంతొమ్మిది తప్పుడు టిక్కులు తనవని, చుక్కకి చుక్క వెయ్యమని చెప్పింది. లైలా యజమానికేసి చూసింది. ఆయన, తొందరగా కానివ్వండి అన్నం చల్లారిపోతోంది అన్నాడు. లైలాకి మొహమాటం లేదు. మొదటిది సరిగ్గా ముక్కుమీదే పెట్టి, ఒకటి అని పైకి లెక్కపెట్టింది. పిల్లలు అందుకున్నారు. ఐదు, ఆరు, ఏడు దాకా వెనింగ్ కూడా నవ్వుతూనే ఉంది. పది దాటాక ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగి, కారి, పౌడరు బుగ్గలమీద ముద్దకట్టింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పంతొమ్మిదోది పెట్టి లైలా డబ్బా పక్కన పెట్టేసింది.

పక్ గురు చాపమీద కొద్దిగా ముందుకు జరిగారు. ఇంకెవరికీ వినపడకుండా, మెల్లిగా అన్నారు.

"నో వాట్-వాట్, మిస్."

వెనింగ్ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. డబ్బా దగ్గరికి లాక్కుని, వేలు ముంచి, ఇరవయ్యో చుక్క ఆయన గడ్డంమీద పెట్టింది.